మోటారు ఎవరు వెయ్యాలి

ఫోన్ల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లంటే నాకు మొదటినుంచీ చులకనే. పోయిన ఎండాకాలం ఆ చులకనకు కావలసినంత కారణం దొరికింది.

నేను సబ్ స్టేషన్‌లో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. గంటగంటకూ మీటర్ల ముందు నిలబడి ముల్లు ఎక్కడుందో చూసి రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. ఏ రోజు ఏ బస్సెక్కానో, ఎవరింట్లో కూర్చున్నానో, ఎవరు ఏమన్నారో డైరీలో రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఇది రాసేటప్పుడు ఆ డైరీలు పక్కనే పెట్టుకున్నాను. వాటిలో రహస్యాలేమీ లేవు. మనుషులు తమ గురించీ తమ వస్తువుల గురించీ చెప్పుకున్న డంబాలు మాత్రం దండిగా ఉన్నాయి.

మా చెల్లెలి ఊరు బెళుగుప్ప నుంచి ఇంకా లోపలికి పోవాలి. భర్త పోయాక చీనీ తోట, అంటే బత్తాయి తోట, తనే చూసుకుంటోంది. ఆమె తోట పక్కనే ఆమె మరిది తోట. తోటలు వేరైనా బోరు ఒకటే. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు నేలకు నడుమ గట్టు వేసుకున్నారు గానీ బోరుకు గట్టు వెయ్యలేరు కదా. అందుకని వంతు పెట్టుకున్నారు. ఒకరోజు వదినకు, ఒకరోజు మరిదికి. ఎవరి వంతు రోజు వాళ్లు పొద్దున్నే గేటు వాల్వు తమ వైపు తిప్పుకోవాలి. ఆ రోజు కరెంటు రాకపోయినా, మోటారు తిరగకపోయినా వంతు పోయినట్టే, మర్నాటికి జమకాదు. ఎన్నో పోట్లాటలయ్యాక కుదిరిన పద్ధతి కాబట్టి దాన్నెవరూ కదిలించరు.

ఆ బోరు ఎప్పుడో సన్నబడింది. కాసేపు నీళ్లు పోస్తుంది, తర్వాత గాలి కక్కుతుంది. దీన్ని అక్కడ గ్యాప్ ఇవ్వడం అంటారు. గ్యాప్ ఇచ్చే ముందే మోటారు ఆపి, లోపల నీళ్లు ఊరేదాకా ఆగి, మళ్లీ వెయ్యాలి. ఆపకపోతే మోటారు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. కాబట్టి కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటోమేటిక్ స్విచ్చి అక్కడ పనికిరాదు. వెయ్యడానికీ ఆపడానికీ మనిషి ఉండాలి. చెల్లెలికేమో మోకాళ్ల నొప్పులు. ఒక్కసారి తోటకు పోయి వస్తే సాయంత్రం దాకా కాళ్లు చాపుకుని కూర్చోవాల్సిందే.

అందుకే చాలాకాలం కిందటే వదినా మరిదీ కలిసి స్టార్టర్ పక్కన ఒక సెల్లు పెట్టె బిగించుకున్నారు. దానిలో ఒక సిమ్ము ఉండేది. ఇంట్లోంచి దానికి మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరిగేది, మళ్లీ ఇస్తే ఆగేది. బోరు ఎంతసేపు పోస్తుందో, ఎంతసేపు ఆగాలో చెల్లెలికి అలవాటైపోయింది కాబట్టి వంట చేసుకుంటూనే తోటకు నీళ్లు పెట్టుకునేది. పోయిన ఏడాది పిడుగు పడి ఆ పెట్టె కాలింది. కొత్త పెట్టె అమ్మినవాడు, "మిస్డ్ కాల్‌వి ఇప్పుడు రావు సార్, అంతా ఆప్‌లోనే" అని ఏదో శుభవార్తలాగా చెప్పాడు. చక్కగా పనిచేసేదాన్ని తయారు చెయ్యడం మానేసి, దానికి సంతోషించమని కూడా మనల్నే అడుగుతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చెల్లెలి అల్లుడు బెంగళూరునుంచి ఒక ఫోను తెచ్చాడు. ఆ ఫోన్ల గురించి తెలియనివాళ్లు లేరు. నున్నగా, చల్లగా, అద్దంలాగా ఉంటాయి. జేబులో పెట్టుకున్నవాడి నడకే మారిపోతుంది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. అల్లుడు ఆ అట్టపెట్టెను అమ్మవారి చీర పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాడు.

"ఇంక మీకు ఏ తలనొప్పీ ఉండదత్తా. ఇది శానా సింపుల్. చిన్నపిల్లలు కూడా వాడేస్తారు."

"నేను చిన్నపిల్లనేమప్పా?" అంది చెల్లెలు.

"అట్ల కాదత్తా. దీంట్లో మీరు ఏం చేసినా చెడిపోదు. చెడిపోయే పని ఏదీ దీంట్లో మీరు చెయ్యలేరు."

చెయ్యలేకపోవడం ఒక సుగుణమని నాకు ఆ రోజే తెలిసింది. ఆమె పాత ఫోనును అతను ఎక్స్‌చేంజిలో ఇచ్చేశాడట. పాత ఫోను గీతలు పడి, మూలన పగిలి, ఆమె చెప్పిన పని చేసేది. దానికి అక్కడ ఎంత గౌరవం దక్కి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పెట్టె బిగించే మనిషి వచ్చాడు. బటన్లున్న పాత స్టార్టరు తీసేసి, దాని చోట కొత్త పెట్టె బిగించాడు. ఆప్‌ను వాట్సాప్‌లో ఫైలుగా పంపించాడు. మరిది ఫోనులో అది ఎక్కింది. చెల్లెలి ఫోను దాన్ని కనీసం తెరవలేదు. ఎందుకు తెరవదో కూడా చెప్పలేదు; ఒక తెల్లని తెర చూపించి ఊరుకుంది. అల్లుడికి వీడియో కాల్ చేశాము.

"ఆ ఫైలు దీంట్లో పడదు మామా. కంపెనీవాళ్లు చూసి ఒప్పుకున్న ఆప్‌లే దీంట్లోకి వస్తాయి. అది మన మంచికే."

"ఎవరి మంచికి?" అన్నాను.

"సెక్యూరిటీ మామా."

"బోరు మీ అత్తది. మోటారు మీ అత్తది. ఫోను ఎవరిది?"

"ఫోనూ అత్తదే మామా. కానీ…"

చెల్లెలు మధ్యలో అందుకుంది. "నాదే అయితే నా మాట యాల ఇనదప్పా?"

అల్లుడు నవ్వాడు. తర్వాత చాలాసేపు ఆ ఫోనులోని కెమెరా గురించి చెప్పాడు. ఎండిపోతున్న చెట్టును ఆ కెమెరా ఎంత స్పష్టంగా చూపిస్తుందో నేను తర్వాత చూశాను.

ఇంకో చిన్న ఫోను కొనుక్కోమన్నాను. చెల్లెలు ఒప్పుకోలేదు. "అంత ఇష్టంగా తెచ్చిచ్చినాడు. ఇంకోటి కొంటే నా బిడ్డ మొగం యాడ పెట్టుకుంటాది అన్నా?" అంది. అల్లుడు తెచ్చిన చీర నచ్చకపోయినా పండక్కి కట్టుకున్నట్టే, ఆ ఫోనును కూడా కట్టుకుంది. పోనీ ఆ ఆప్ నా ఫోనులో వేసుకుంటాను, నీ వంతు రోజు ఫోన్ చేస్తే అనంతపురంనుంచే వేస్తాను అన్నాను. దానికి మరిది ఒప్పుకోలేదు.

"నువ్వు యాడనో అనంతపురంలో కూచోని ఈడ మా బోరు ఆడిస్తావా బావా? ఊర్లో ఏమనుకుంటారు?"

ఆడపడుచు పుట్టింటివాళ్లు అత్తింటి బోరు మీద చెయ్యి వెయ్యకూడదు. అదీ పద్ధతే. నేనూ ఊరుకున్నాను.

అలా చెల్లెలి మోటారు మరిది చేతిలోకి పోయింది. తన వంతు రోజున ఆమె కరెంటు రాగానే మరిది ఇంటి అరుగు దగ్గరికి పోయి నిలబడాలి. "మోటారు ఎయ్యి మరిదీ" అనాలి. నీళ్లు తగ్గే వేళకు మళ్లీ పోయి "ఆపు మరిదీ" అనాలి. ఊరి నడి వీధిలో, వయసులో తనకన్నా చిన్నవాడి ముందు, రోజుకు నాలుగైదుసార్లు. అది మార్చి నెలాఖరు. చెట్ల మీద కాయ నిమ్మకాయంత ఉంది. ఆ దశలో తడి తప్పితే చీనీ కాయ నిలబడదు, తొడిమ ఊడి రాలిపోతుంది. ఆమె ఏడాది బతుకంతా ఆ కాయలోనే ఉంది.

ఈ మరిది ఇంకో రకం భక్తుడు. ఆ అరుగు మీద నన్ను కూర్చోబెట్టుకుని తన ఫోను చూపించాడు. దాన్ని ఓపెన్ ఫోను అంటాడు.

"నాదాంట్లో ఏదంటే అది ఏసుకోవచ్చు బావా. ఎవుర్నీ అడిగే పని లేదు. వాళ్లది జైలు. నాది బయలు."

బయలే. ఊరి బయట చెత్త పోసే బయలులాగా ఉంది. టార్చి లైటువి రెండు, జాతకాలవి రెండు, ఎక్కడినుంచి వచ్చాయో అతనికీ తెలియనివి ఎన్నో. మోటారు ఆప్ తెరిస్తే మొదట ఒక పిల్ల వచ్చి రమ్మీ ఆడమంది. దాన్ని మూసెయ్యడానికి క్రాసు గుర్తు ఎక్కడుందో వెతికాడు. అది నొక్కితే ఎవరో అప్పిస్తామన్నారు. అది మూసేసరికి ఫోను వేడెక్కి నిలిచిపోయింది. అతను దాన్ని తొడ మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"అప్పుడప్పుడు ఇట్ల అయితాది. ఏమీ కాదు" అన్నాడు.

"ఎవర్నీ అడిగే పని లేదన్నావు. ఇప్పుడు దాన్నే అడుక్కుంటున్నావు కదా" అన్నాను.

"నీకు అర్థం కాదులే బావా. ఇది స్వేచ్ఛ."

ఈ మాట నేను డైరీలో యథాతథంగా రాసుకున్నాను.

ఉగాది దాటాక ఒక వంతు రోజున చెల్లెలు అరుగు దగ్గరికి పోయేసరికి మరిది లేడు. గుమ్మఘట్టలో ఎవరిదో పెళ్లి మాటలకు పోయాడు. ఆమె ఫోన్ చేసింది. ఆ పని మాత్రం ఆ ఖరీదైన ఫోను చేసింది.

"మోటారు ఎయ్యప్పా, కరెంటు వచ్చింది."

"ఈడ నెట్టుకు సిగ్నల్ లేదు వదినా. ఆప్ తిరుగుతానే ఉండాది. రవ్వంత సేపు ఉండు."

ఆమె ఉంది. కరెంటు పోయింది. వంతు పోయింది. తర్వాతి వంతుకు అతని ఫోను చార్జింగు లేక చచ్చింది. ఆ పైవారం నేను పోయేసరికి చెట్ల కింద పచ్చి కాయలు పడి ఉన్నాయి. ఆమె వాటిని ఏరి ఒక తట్టలో పెట్టింది. ఎందుకూ పనికిరావు, అయినా పడేయడానికి చెయ్యి రాలేదు.

నేను మరిదిని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాను. పెద్దవాణ్ని కాబట్టి విన్నాడు. విని, తలకాయ ఊపి, తన తెలివితో తనే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ ఆప్ ఫైలును, పెట్టెలోని సిమ్ము నంబరును, పాస్‌వర్డును కలిపి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

"ఇంగ నాకోసం చూసే పని లేదు. ఎవురు ఖాళీగా ఉంటే వాళ్లు వదిన మోటారు ఏస్తారు. ఓపెన్ అంటే ఇదీ బావా!"

"గ్రూపులో ఎవరెవరున్నారు?"

"ఊరంతా ఉండాది."

"నేను వేస్తానంటే ఒద్దన్నావు?"

"నువ్వు ఊరోనివి కాదు కదా బావా" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు.

సబ్ స్టేషన్‌లో మాకు లైన్ క్లియర్ అని ఒక కట్టుబాటు ఉండేది. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు తన పేరు మీద లైన్ క్లియర్ తీసుకుంటాడు. అతను దిగి వచ్చి తిరిగి అప్పగించేదాకా పెద్ద ఇంజనీరు ఫోన్ చేసి అరిచినా నేను స్విచ్చి ముట్టేవాణ్ని కాదు. స్విచ్చి ఎవరు వేశారో, ఎవరు ఆపారో ఒక్క మనిషికి తెలిసి ఉండాలి. ఇంతే విషయం. ఇది ఎనిమిదో తరగతి తప్పినవాళ్లకు కూడా మేము ఒక్క రోజులో నేర్పేవాళ్లం. ఫోన్ల భక్తులకు నేర్పడం నా వల్ల కాలేదు.

ఊరివాళ్లు చెడ్డవాళ్లు కారు. అదే వచ్చిన కష్టం. కరెంటు రావడం చూసి ఒకరు పాపం ఆ యమ్మకు నీళ్లు అని మోటారు వేశారు. ఇంకొకరు చాలాసేపైందే, కాలిపోతుందేమోనని ఆపారు. ఆపి ఉండటం చూసి మూడోవాళ్లు మళ్లీ వేశారు. గొర్రెలు తోలుకుని ఆ దారిన పోయేవాడొకడు తొట్టి నింపుకుందామని వేసి, గొర్రెలు తాగాక పోయాడు. బస్టాండులో కూర్చున్న ఒకడు ఇది నిజంగా పనిచేస్తుందా అని నొక్కి చూశాడట. ఇదంతా వాళ్లే తర్వాత ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే తెలిసింది. ఆ మధ్యాహ్నం బోరు గ్యాప్ ఇచ్చి నీళ్లు ఊరుతున్న వేళ ఎవరో దయగల మనిషి మోటారు వేశారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. మోటారు కాలిపోయింది.

మోటారు పైకి లాగేవాళ్లు మూడు కాళ్ల స్టాండు, చైను పట్టుకుని వచ్చిన రోజు ఆదివారం. విషయం తెలిసి అల్లుడు కూడా బెంగళూరునుంచి దిగాడు. బోరులోంచి ఒక్కొక్క పైపూ పైకి వస్తోంది. దానికి ఒక పక్క అల్లుడు, ఇంకో పక్క మరిది నిలబడి మొదలుపెట్టారు.

"ఇందుకే చెప్పినా చిన్నమామా, అందర్నీ రానిస్తే ఇట్లే అయితాదని. మా దాంట్లో ఇట్లాంటిది జరగనే జరగదు."

"మీ దాంట్లో మోటారు తిరగనే తిరగదు కదప్పా! తిరగనిది ఎట్ల కాలుతాది?"

"సింపుల్‌గా ఉండాలంటే కొన్ని ఒదులుకోవాల."

"ఏం ఒదులుకోవాల? నీళ్లా?"

"మీ ఫోనులో వైరస్ ఉండాది మామా. నేను చూసినా."

"ఉంటే ఉండనీ. నా ఫోను, నా వైరసు!"

పైపులు లాగే మేస్త్రీ చైను పట్టుకునే అరిచాడు. "సార్, ఇద్దురూ రవ్వంత జరగండి. పైపు తల మింద పడితే రెండు ఫోన్లూ పగుల్తాయి."

పనివాళ్లు నవ్వారు. వాళ్లిద్దరూ జరిగారు గానీ ఆపలేదు. ఒకడు కెమెరా అన్నాడు, ఒకడు బ్యాటరీ అన్నాడు. మోటారు బయటికి వచ్చింది, కాలిన వాసన కొట్టింది. ఇద్దరూ ముక్కు మూసుకుని మాట్లాడారు. నేను పక్కన రాయి మీద కూర్చుని చూశాను. ఇద్దరూ కడుపు నిండా తిన్న మనుషులు. ఒకరికి జీతం వస్తుంది. ఒకరి తోటకు అప్పటిదాకా నీళ్లు అందాయి. వాళ్లు కొట్లాడుకునే చోట ఎండుతున్నది ఆమె ఒక్కతి తోటే.

చెల్లెలు ఎప్పుడు తోటలోకి పోయిందో చూడలేదు. చీర కొంగు నిండా రాలిన కాయలు పట్టుకుని వచ్చింది. వాళ్లిద్దరి మధ్య కుమ్మరించింది. పచ్చి కాయలు అల్లుడి బూట్ల దాకా దొర్లాయి.

"మీ రెండు ఫోన్లూ కలిపి పెట్టి వీటిని చెట్టుకు మళ్ల అతికియ్యండి. అయితాదేమో చూస్తా" అంది.

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "ఈ సెల్లు పెట్టె పీకెయ్యప్పా. పాత స్టార్టరు పెట్టు. పచ్చ బటను, ఎర్ర బటను. అంతే."

మోటారు వైండింగుకు పోయి వచ్చేలోపల ఆమె బెళుగుప్పలో ఒక ఇనుప డబ్బా వెల్డింగు చేయించింది. స్టార్టరును అందులో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మెడలో నల్లదారానికి కట్టుకుంది. అప్పుడు మరిదికి మెలకువ వచ్చింది.

"బోరు ఇద్దురిదీ కదా వదినా. తాళం నీ దగ్గరేనా?"

"ఊరందరి దగ్గర ఉంటే సరిపాయె, నా దగ్గర ఉంటే తప్పొచ్చెనా?"

అతను నా వైపు చూశాడు. నేను డబ్బా మీది వెల్డింగు చూస్తూ ఉండిపోయాను. ఊరంతటికీ పాస్‌వర్డు పంచినవాడు ఒక్క తాళంచెవి కోసం పంచాయితీ పెడితే నవ్వుతారని అతనికే తోచింది. ఊరుకున్నాడు.

మే నెలలో ఒక మరిది వంతు రోజున నేను అక్కడున్నాను. పొద్దున కరెంటు వచ్చింది. చెల్లెలు పొయ్యి దగ్గర కాఫీ కాస్తోంది. మరిది వాకిట్లో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వదినా, కరెంటు వచ్చింది. తాళం ఇస్తావా?"

"రవ్వంత సేపు ఉండు మరిదీ. సిగ్నల్ రానీ."

నేను నవ్వాను. మరిది నవ్వలేదు. చెల్లెలు కాఫీ వడకట్టి, మా ఇద్దరికీ ఇచ్చి, తనూ తాగి, గ్లాసులు కడిగి అప్పుడు లేచింది. తాళంచెవి మాత్రం అతని చేతికి ఇవ్వలేదు. తనే పోతానంది. గోడ పట్టుకుని గడప దిగి, మోకాళ్లు పట్టుకుంటూ తోట దారి పట్టింది. దిమ్మె మీద ఆ ఖరీదైన ఫోను మోగింది. అల్లుడే. ఆమె వెనక్కి తిరగలేదు. రోజూ, తన వంతు కాని రోజు కూడా, ఆమె ఇలా నడుస్తోంది. ఈ నడక తప్పించడానికే కదా ఇంత భాగోతం జరిగింది. రెండు రకాల ఫోన్ల మహిమ అంతా కలిపి ఆమెకు ఆ దారిలో ఒక్క అడుగు తగ్గించలేదు.

మేము వెనకే నడిచాము. ఆమె డబ్బా తెరిచి పచ్చ బటను నొక్కింది. నీళ్లు పైపులోకి వచ్చాయి. మరిది తోటవైపు వాల్వు తిరిగి ఉంది. అతని చెట్లకే పారుతున్నాయి. ఆమె చెట్లలో చాలావాటి మీద కాయ లేదు. కాయ ఉన్న కొమ్మలకు వెదురు కర్రలు ఊతం పెట్టి ఉన్నాయి. ఆమె నేల మీద కూర్చుని, నీళ్లు పోసే పైపు మీద చెయ్యి వేసి, చెవి దానికి ఆనించింది. గాలి రావడం మొదలైతే ముందు శబ్దంలో తెలుస్తుందట.

చాలాసేపు అలాగే కూర్చుంది. మరిది ఊరుకోలేక మొదలుపెట్టాడు.

"ఇంకో ఆప్ వచ్చింది వదినా. దాంట్లో అయితే…"

"గమ్మునుండప్పా. గాలి వస్తాందేమో ఇననీ."

అతను నోరు మూసుకున్నాడు. అప్పుడు అతని జేబులోంచి ఆడ గొంతు ఒకటి గట్టిగా రమ్మీ ఆడమని పిలవడం మొదలుపెట్టింది. అతను ఫోను బయటికి తీసి, ఎండలో తెర కనబడక, చెయ్యి అడ్డం పెట్టుకుని క్రాసు గుర్తు కోసం వెతుకుతూ ఉన్నాడు. చెల్లెలు పైపు మీది చెయ్యి తీసి, నేలకు ఆనుకుని లేచి, ఎర్ర బటను నొక్కింది.